ఫిడేళ్ళ కింద అమ్మ గొంతు

జొల్లీనో,
అక్టోబరు 21.

ఓర్నెల్లాకి వీతా రాయునది,

ఇక్కడ అమ్మా, నేనూ, మా ఆయన దోనాతో, ముగ్గురం బాగానే ఉన్నాం. వాన రేపనగా అమ్మ మోకాళ్ళు ఇవాళే కబురు చెబుతున్నాయి. తెగులు తగిలి ఎండిపోయిన ఆలివ్ చెట్లు ఎండినట్టే నిలబడి ఉన్నాయి. ఆయన ఒక్కొక్కటీ కొట్టించి పొయ్యిలోకి తెస్తున్నాడు. నువ్వు మిలానులో కులాసాగా ఉన్నావనే తలుస్తాను. తలవాలని లేకపోయినా ఉత్తరం ఇలా మొదలుపెట్టడం అమ్మ నేర్పిన మర్యాద. ఆ మర్యాద ఇక్కడితో సరి.

మొన్న ఫోను మధ్యలో పెట్టేశాను. తర్వాత నువ్వు చేస్తూనే ఉన్నావు, నేను తియ్యడం లేదు. ఎందుకంటే ఫోనులో నీ గొంతు ఉంటుంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ “వీతుచ్చా” అని పాత ముద్దుపేరు పెట్టి పిలవాలో నీకు తెలుసు. ప్రకటనలకి చప్పుళ్ళు పేర్చి జనం గుండెలు తడపడమే కదా ఇన్నేళ్ళుగా నీ ఉద్యోగం. కాగితం మీదైతే ఇద్దరం సమానం. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తాను. చదువు.

నేను పక్క ఊరు మాలియె బళ్ళో ఎనిమిదో తరగతికి పాఠాలు చెబుతున్న సంగతి నీకు తెలిసిందే. ఏటా అక్టోబరులో ప్రకటనల పాఠం చేస్తాను. టీవీలో, ఫోనులో వచ్చే ప్రకటనలు మనల్ని ఎలా ఒప్పిస్తాయి అని. పద్ధతి నాదే. ముందు చప్పుడు కట్టేసి బొమ్మ మాత్రం చూస్తాం. తర్వాత కళ్ళు మూసుకుని చప్పుడు మాత్రం వింటాం. ఆఖరున రెండూ కలిపి చూసి, మన మనసు ఎక్కడ మెత్తబడిందో అక్కడ ఆపి, మెత్తబరిచింది ఎవరు, దేనితో, ఎందుకు అని అడుగుతాం. ప్రకటన పిల్లలే తేవాలి. పోయిన గురువారం వంతు నోయెమీది. మాటకి ముందు నవ్వే పిల్ల. “టీచర్, మా అమ్మ ఇది చూసినప్పుడల్లా ఏడుస్తుంది. బిస్కట్ల ప్రకటన చూసి ఏడుపేంటని నాన్న వెక్కిరిస్తే, ఆయన్నీ నాలుగు తిడుతుంది” అంది.

అదే, మీ బిస్కట్ల ప్రకటన. నేను అంతకుముందు చూడలేదు. మా ఇంట్లో టీవీ అమ్మ గదిలో ఉంటుంది. ఆవిడ ఆదివారం ప్రార్థన పెట్టుకుంటుంది, అవగానే ఏదో దీపం ఆర్పినట్టు కట్టేస్తుంది.

చప్పుడు లేకుండా చూశాం. పట్నంలో ఒక ఇరుకు ఫ్లాటు. తెల్లవారకముందే లేచిన తల్లి, కళ్ళ కింద నలుపు, ఫోనులో ఎవరితోనో గొడవ. బడికి లేవనని మొండికేసే పిల్ల. తల్లి విసుగ్గా ఒక రేకు డబ్బా మూత తీస్తుంది. అంతే, నీలంగా ఉన్న వంటగది పసుపు వెలుగులోకి మారిపోతుంది. రాతి గోడలు, పాత పొయ్యి, పిండి పిసికే ముసలి చేతులు. ఆ చేతులు పిల్ల తల నిమురుతాయి. పిల్ల లేస్తుంది. తల్లి నవ్వుతుంది. అప్పుడు గానీ బిస్కట్ కనిపించదు.

పిల్లలు ఊరుకుంటారా? ఇలారియో ముందే అందుకున్నాడు. వాళ్ళ తాతకి మాలాగే ఓ ఆలివ్ తోట ఉండేది, అదీ పోయింది. “టీచర్, ఆ కిటికీలో ఆలివ్ చెట్లు చూడండి, ఎంత పచ్చగా ఉన్నాయో! మన వైపు తీసుండరు. ఒకవేళ మన వైపే తీసుంటే ఆ చెట్లు ప్లాస్టిక్‌వి” అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. వెనక బెంచీలోంచి ఇంకొకడు, “మా నానమ్మ చేతులైతే అలా ఉండవు, గోళ్ళలో ఎప్పుడూ మట్టే” అన్నాడు. “ముసలామె మొహం ఎందుకు చూపలేదు?” అని నేను అడిగాను. నోయెమీయే మెల్లిగా, “మొహం చూపిస్తే ఆవిడ ఇంకెవరి అమ్మమ్మో అయిపోతుంది టీచర్. చేతులే కాబట్టి ఎవరి అమ్మమ్మని వాళ్ళు తగిలించుకోవచ్చు” అంది. నాకు గర్వంగా అనిపించింది. నిజం చెబుతున్నాను, ఆ పూట ఎంత బాగా పాఠం చెబుతున్నానో అని మురిసిపోయాను కూడా.

తర్వాత అందరం కళ్ళు మూసుకున్నాం. పిల్లలతోపాటు నేనూ మూసుకుంటాను. మొదట ఫిడేళ్ళు. ఆ వెనక నిప్పు చిటపట. దాని వెనకనుంచి ఒక ముసలి గొంతు.

ఓర్నెల్లా, అమ్మ పాడేటప్పుడు మాట మధ్యలో ఊపిరి తీస్తుంది. పదమూడేళ్ళ వయసునుంచీ పొగాకు గిడ్డంగిలో ఆకులు గుచ్చిన ఛాతీ అది. మాట చివరిదాకా ఊపిరి నిలవదు. ఆ తెగిన చోటు, అందులోంచి వచ్చే చిన్న ఈల, దాన్ని నేను కడుపులో ఉన్నప్పటినుంచీ వింటున్నాను. పాట మాటలు నాకు తెలియలేదు. ఇటాలియన్ కాకుండా ఇంటి భాష మాట్లాడితే బళ్ళో వేళ్ళ మీద బెత్తంతో కొట్టిన కాలం అమ్మది. తన పిల్లలకి ఆ దెబ్బలు వద్దని మాకు నేర్పలేదు. ఉప్పు, తలుపు, దా, తిను, ఇలాంటి నాలుగు ముక్కలే నాకు వచ్చు. కానీ గొంతుకి భాషతో పనేముంది? ముప్ఫై మంది పిల్లల ముందు, కళ్ళు మూసుకుని నిలబడి, చచ్చిపోయిన మా అన్న రొక్కో కోసం మా అమ్మ ఏడ్చిన ఏడుపు, మా బళ్ళో మైకులోంచి బిస్కట్ల కోసం వస్తుంటే విన్నాను.

కళ్ళు తెరిచేసరికి పిల్లలు నావైపు చూస్తున్నారు. ఏదో ఒకటి అడగాలి కదా. “పాట వింటే ఏమనిపించింది?” అన్నాను. నోయెమీ, “ఎవరి ఒళ్ళోనైనా తల పెట్టుకుని పడుకోవాలనిపించింది. జోలపాట టీచర్ అది. కింద అక్షరాల్లో మాత్రం నిద్ర లేపుతున్నారు, లే కన్నా, పొయ్యి వెలిగింది, నీకోసం తీపి చేశాను అని” అంది. ఇంకా ఏమందో చూడు. “భాష తెలియకపోవడమే బాగుంది. తెలిస్తే ఇంకెవరికోసమో పాడుతోంది అనిపించేది. తెలియదు కాబట్టి నాకే పాడినట్టుంది” అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను సుద్దముక్క తీసుకుని, మాట మార్చలేక, బోర్డు మీద ‘జోలపాట’ అని నా చేత్తో నేనే రాశాను.

ఆ తర్వాత రెండూ కలిపి చూసే మూడో పని చెయ్యలేదు. తల తిరుగుతోందని చెప్పి బయటికొచ్చాను. ఇప్పటికీ ఇంకోసారి వినలేదు. వినే ధైర్యం లేదు.

మర్నాడు నీకు ఫోను చేశాను. నువ్వు తడబడతావనుకున్నాను. లేదే! “అబ్బ, చివరికి విన్నావన్నమాట! ఎలా ఉంది?” అని అడిగావు. చిన్నపిల్ల బొమ్మ గీసి చూపించినట్టు. నేను మెచ్చుకుంటాననే అనుకున్నావేమో, నా జవాబు కోసం ఆగకుండా చెప్పుకుపోయావు. చాలా గొంతులు పెట్టి చూశారట, పేరున్న గాయనులు కూడా ఉన్నారట. జనాన్ని గదిలో కూర్చోబెట్టి వినిపిస్తే అందరూ అమ్మ గొంతు దగ్గరే ఆగిపోయారట. అర్థం కాని భాషలో ఆడమనిషి గొంతు వింటే మనిషి అందులో తన తల్లినే పెట్టుకుంటాడట, అదీ కిటుకట. పదమూడేళ్ళ నోయెమీ ఒక్క పీరియడులో పట్టేసిన ముక్క అది. కాకపోతే ఆ పిల్ల మోసం పట్టుకోవడానికి చెప్పింది. నువ్వు మోసం చెయ్యడానికి చెప్పావు.

అది చావుపాట ఓర్నెల్లా అన్నాను. దానికి నువ్వు అన్నమాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. “వీతుచ్చా, అది చావుపాటని నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసే? ఇది అమ్మకి నివాళి. పెట్టెలో పడి కుళ్ళిపోయే గొంతు దేశమంతా వింటోంది, సంతోషించు” అన్నావు. తర్వాత కాసేపు ఆగావు. ఆ ఆగడం నాకు తెలుసు. సరుకు బయటికి తీసే ముందు మీరు పెట్టే నిశ్శబ్దం అది. వచ్చే నెల కెమెరా వాళ్ళని వెంటబెట్టుకుని మా ఊరు వస్తున్నావని అప్పుడు చెప్పావు. ఈసారి చేతులు కాదు, అమ్మ మొహమే చూపిద్దాం, మన వంటింట్లోనే తీద్దాం, ఆవిడ ఎంత అందంగా ఉంటుందో అన్నావు. మన వంటిల్లట!

అక్కడ ఫోను పెట్టేశాను.

ఇప్పుడు ఆ వేసవి సంగతి రాస్తాను. నీకు గుర్తుండదని కాదు, నువ్వు వేరేగా గుర్తుంచుకున్నావేమోనని.

మనకి ఇరవై మూడేళ్ళు. మీ అమ్మ ఆ వసంతంలోనే పోయింది. అంతకుముందు చలికాలంలో మా రొక్కో మోటార్ సైకిలు మీద ఇంటికొస్తూ మాలియె రోడ్డు మలుపులో పోయాడు. కాలేజీలో నువ్వు గోడకేసి చూస్తూ కూర్చుంటే, మా ఇంటికి రావే, అక్కడ కనీసం తిండైనా తింటావు అని నేనే లాక్కొచ్చాను. మీ ఉత్తరాది వాళ్ళకి చావు కూడా తలుపులేసుకుని చేసుకునే పని. మీ అమ్మ శవపేటిక పక్కన ఒక్కరు కూడా గొంతెత్తి ఏడవలేదని నువ్వే చెప్పావు. నువ్వూ ఏడవలేదు. అమ్మ నీ కళ్ళలోకి చూసి, “ఈ పిల్ల రాయి మింగింది” అని నాతో అంది. ఆ రోజునుంచి నీకు రొట్టెలో మెత్తటి ముక్క, నాకు మాడిన అంచు. నేనేమీ అనుకోలేదు. చెల్లెలు దొరికిందనుకున్నాను.

నువ్వు చదువు కోసమని ఆ చిన్న రికార్డింగు పెట్టె వెంట తిప్పేదానివి. బావి గిలక చప్పుడు, మేకల మెడగంటలు, మా వీధి చివరి తెత్తా పిన్ని తిట్లు, అన్నీ పట్టేదానివి. ఒకరోజు మధ్యాహ్నం, ఊరంతా తలుపులు మూసుకుని పడుకున్న వేళ, అమ్మ నిన్ను వంటింట్లోకి పిలిచింది. “ఆ పెట్టె తెచ్చుకో” అంది. అమ్మ పాడతానందని తెలిసి నేను నిలబడిపోయాను. మా ఊళ్ళో చావు ఇళ్ళలో పాడేవాళ్ళలో అమ్మని మించినవాళ్ళు లేరు. కానీ రొక్కో పోయాక నోరు విప్పలేదు. వాడి శవం దగ్గర తెత్తా పిన్నే పాడింది. అమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది, అంతే.

“ఇది ఎవరు వింటారు?” అని అమ్మ అడిగింది. “నేనేనమ్మా. మీ గొంతు పోకుండా దాచుకుంటాను. ఈ గోడలు దాటదు” అన్నావు నువ్వు. అమ్మ నావైపు చూసింది. “మన పిల్లే కదమ్మా” అన్నాను నేను. అప్పుడు అమ్మ నన్ను, “నువ్వు బయట కూర్చో” అంది.

కన్న కూతుర్ని బయట కూర్చోబెట్టి, నిన్ను లోపల ఉంచుకుంది. వాకిట్లో ఎండలో చిక్కుళ్ళు వలుస్తూ కూర్చున్నాను. తలుపు సందులోంచి రాగం వచ్చింది గానీ మాట రాలేదు. నా అన్న కోసం మా అమ్మ ఏడుస్తుంటే నాకు కాక నీకు దక్కిందని గుండె మండింది. తలుపు తెరుచుకుని నువ్వు బయటికొచ్చావు. నీ మొహం ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉంది. ఆ రాయి కరిగినందుకు నా మంట నేనే ఆర్పుకున్నాను. నీ చెయ్యి పట్టుకుని, “అది రొక్కో పాటే, ఎవరికీ వినిపించకు” అన్నాను. నువ్వు తలూపావు. నోటితో ఏమీ అనలేదు, ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తోంది.

ఈ వారం రోజులుగా నా పిల్లలకి నేర్పిన పద్ధతిలోనే ఆ వేసవిని తిరగేసుకుంటున్నాను. చప్పుడు కట్టేసి చూస్తే, ఒక తల్లి లేని పిల్ల, చిక్కిపోయిన మొహం, ఎవరికైనా జాలి వేస్తుంది. బొమ్మ కట్టేసి వింటే, నోరారా “అమ్మా, అమ్మా” అన్న పిలుపు. నువ్వు పిలిచినన్నిసార్లు నేను కూడా పిలవలేదేమో. సరుకు మాత్రం ఎక్కడా కనబడలేదు. చూపించడానికి నీకు ఇన్నేళ్ళు పట్టింది. నువ్వు అప్పుడే ఇదంతా అనుకుని వచ్చావని నేననను. అంత దుర్మార్గురాలివి కావు. కానీ ఎప్పుడో ఒకరోజు మిలానులో ఒక గదిలో కూర్చుని, ఏ గొంతు పెడదాం అని ఎవరో అడిగితే, నా దగ్గర ఒకటుంది అని నువ్వు అన్నావు చూడు, ఆ క్షణానికి నీ తరఫున ఎంత వెతికినా నాకు ఒక్క సాకు దొరకలేదు. ఆ మాట అనే ముందు మా వంటిల్లు నీ కళ్ళముందుకి రాలేదా? వస్తే ఎలా అన్నావు? రాకపోతే నువ్వెవరివి?

ఇంకొకటి. పోయిన క్రిస్మస్‌కి నీ దగ్గరనుంచి రేకు డబ్బా వచ్చింది, అమ్మకి ప్రేమతో అని చీటీ. లోపల ఆ బిస్కట్లే. అమ్మ పాలలో ముంచుకుని తింది. పళ్ళు లేని నోటితో, “మరీ తీపి, కానీ పిల్ల మరిచిపోలేదు చూశావా” అంది. ఇరుగుపొరుగుకి కూడా పంచింది. ఆ డబ్బాలో ఇప్పుడు సూదులూ దారాలూ పెట్టుకుంటోంది. అమ్మ దుఃఖంతో అమ్మిన సరుకు అమ్మ చేతే తినిపించావు. చాలా విన్నాను గానీ ఓర్నెల్లా, ఇలాంటిది వినలేదు.

కాబట్టి నేను చెప్పేది ఇది. ఆ పాట తీయించు. ఎలా తీయిస్తావో, నీ కంపెనీకి ఏం చెప్పుకుంటావో నాకు అనవసరం. కెమెరాలతో మా గడప తొక్కకు. కెమెరాలు లేకుండా కూడా తొక్కకు. అమ్మకి ఇవేవీ తెలియవు, నేను చెప్పను. ఎనభై ఒకటో ఏట ఆవిడ నిన్ను కూతురనుకునే పోనీ. నామటుకు నాకు, ఉన్న ఒక్క చెల్లెలు పోయింది. దానికి పాడేవాళ్ళు ఎవరూ లేరు, నాకు రాదు.

ఇక సెలవు అని రాయడం అలవాటు. ఈసారి అలవాటుకి రాయడం లేదు.

వీతా

తా.క.: అక్టోబరు 25.

ఉత్తరం కవరులో పెట్టి అంటించాను కూడా. పోస్టు చేసేలోపు జరిగింది రాయడానికి ఆ కవరు మళ్ళీ చింపాను.

నిన్న సాయంత్రం తెత్తా పిన్ని నల్ల శాలువా కప్పుకుని, ఒక చేత్తో కోడి పులుసు గిన్నె, ఇంకో చేత్తో కాఫీపొడి, పంచదార పొట్లాలు పట్టుకుని తలుపు బయటనుంచి కేకేసింది. చావు ఇంటికి తెచ్చే సరంజామా అంతా. అమ్మ తలుపు తీసి, ఆ నలుపు చూసి, “అయ్యో తెత్తా, ఎవరే పోయింది?” అంది. పిన్ని గిన్నె దించకుండానే, “నన్నడుగుతావేంటే కొన్సీలియా? మీ ఇంట్లో ఎవరు పోయారో చెప్పు ముందు!” అంది. దోనాతో పెరట్లోంచి వస్తే అతన్ని ఎగాదిగా చూసింది. నన్ను చూసింది. అందరం ఉన్నామని లెక్క తేలాక కుర్చీలో కూలబడింది. “టీవీలో పాటల పోటీ మధ్యలో నీ గొంతు వచ్చిందే. నువ్వు ఊరికే పాడవుగా! చేతిలో పని అక్కడే పడేసి పులుసు పెట్టుకొచ్చాను” అంది.

ఇంకేం దాస్తాను? ఫోను తీసి ఆ ప్రకటన అమ్మకి చూపించాను. అమ్మ తెర వైపు చూడలేదు. కళ్ళు మూసుకుని వింది. మళ్ళీ పెట్టమంది. “ఈ ఫిడేళ్ళు ఎవరు వాయించమన్నారు?” అంది. ఆ పైన కోపం లేదు, ఏడుపు లేదు. నేనే ఏడుస్తున్నాను. “రొక్కో పాటని ఏం చేసిందో చూడమ్మా” అన్నాను.

అమ్మ నావైపు వింతగా చూసింది. “రొక్కోది ఎందుకవుతుందే? కన్నతల్లి తన బిడ్డకి పాడుకోగలదా? వాడికి నేనెప్పుడూ పాడలేదు. ఇది ఆ పిల్ల తల్లిది” అంది.

ఓర్నెల్లా, అది మీ అమ్మ పాట.

నీకు ఏడుపు రావడం లేదని, మీ అమ్మకి పాడేవాళ్ళు ఎవరూ లేకపోయారని, ఆ మధ్యాహ్నం అమ్మ మీ అమ్మని మా వంటింట్లో సాగనంపింది. అందుకే నన్ను బయట కూర్చోబెట్టింది. చావు నీది, నాది కాదు కాబట్టి. అంతకుముందు రోజు మీ అమ్మ పేరేమిటని అడిగిందట, నువ్వు స్టెల్లా అన్నావట. స్టెల్లా అంటే చుక్కే కదా, మా ఇంటి భాషలో చుక్కని ఆస్తేరి అంటారు. ఆ పేరుతోనే పిలిచి పాడింది. పాట ఏమిటని నువ్వు అడగలేదు, పాతదేలే అనుకున్నావేమో. నేను రొక్కోదని చెబితే నమ్మావు. ఏడ్చావు కదా, ఏడుపుకి తెలిసింది, నీకు తెలియలేదు.

తెత్తా పిన్నీ అమ్మా కలిసి నాకు మాట మాటకీ అర్థం చెప్పారు. నువ్వు కింద అక్షరాల్లో, లే కన్నా పొయ్యి వెలిగింది అని రాయించిన చోట అమ్మ పాడింది ఇది:

చుక్కా, నడింట్లో రాలిన చుక్కా,
నీ పిల్ల తల ఎవరు దువ్వుతారే ఇక?
ఇవాళ నేను దువ్వుతాను, రేపు నేనూ రాలితే
ఏ వాకిట నిలబడి అమ్మా అంటుందే?
దానికి కన్నీళ్ళు లేవని అలగకు,
దాని బదులు నేను ఏడుస్తున్నాను, విను.

మీరు దాన్ని ముక్కలు చేసి అతికించారు. అయినా అన్నీ ఉన్నాయి. ఒక్క ఆస్తేరి అన్న మాట మాత్రం సరిగ్గా వినబడదు. దాని మీద బిస్కట్ కొరికిన చప్పుడు పెట్టావు.

అమ్మ ఫోను నా చేతిలో పెట్టేసింది. తర్వాత, “ఆ పిల్లకి తెలియదు. తెలిస్తే చేసేదా? చెప్పకే వీతా. రొక్కోదే అనుకోనీ. పరాయివాళ్ళ ఏడుపు అమ్ముకున్నానంటే సిగ్గుపడి ఊరుకుంటుంది. సొంత తల్లిదని తెలిస్తే ఆ రాయి మళ్ళీ మింగుతుంది, ఈసారి కరిగించడానికి నా గొంతు లేదు” అంది. నాచేత ఒట్టు కూడా వేయించుకుంది.

ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. ఇప్పుడే వెళ్ళి ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేస్తున్నాను.